టీటీకి ముందుకొచ్చిన చెయ్యి కొవిడ్ టీకాకి ఎందుకు వెనక్కి పోయింది?

2021 ఆగస్టులో నరసన్నపేట దగ్గర మా పిన్ని వాళ్ళ ఊళ్ళో ఉన్నాను. పక్కింటి కోడలికి ఐదో నెల. అంతకు వారం ముందే ధనుర్వాతం రాకుండా వేసే టీటీ సూది వేయించుకుని వచ్చింది. ఆ రోజు నర్సమ్మ గడపలో నిలబడి, "కడుపుతో ఉన్నోళ్ళకి కూడా కొవిడ్ టీకా ఏస్తన్నాం, రేపు రామ్మా" అంది. ఆ అమ్మాయి అత్తగారి వైపు చూసింది. అత్తగారు చేటలో బియ్యం చెరగడం ఆపకుండానే, "నీళ్ళాడినాక సూద్దాంలే తల్లీ" అంది. కాన్పు అయ్యాక అని.

అంతే. కోపం లేదు, వాదం లేదు. టీకా గురించి ఒక్క చెడ్డ మాట కూడా లేదు. నర్సమ్మ తన రిజిస్టర్లో ఏమి రాసుకుందో నాకు తెలియదు గానీ, అలాంటి ఇళ్ళన్నీ పైకి వెళ్ళే లెక్కల్లో "నిరాకరణ" కిందే చేరతాయి. వారం కిందట ఆ అమ్మాయి అదే నర్సమ్మకి అదే చెయ్యి చాపింది. మందు వచ్చింది అదే నీలం పెట్టెలోంచి. ఒక సూదికి లేని భయం రెండో సూదికి ఎక్కణ్ణుంచి వచ్చింది? గర్భిణుల టీకా నిర్ణయాల గురించి నేను చదివిందీ, విజయనగరం, శ్రీకాకుళం ఊళ్ళలో విన్నదీ అంతా తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తోంది.

ముందు టీటీ సంగతి చూద్దాం. ధనుర్వాతం అన్న పేరులోనే ఆ జబ్బు రూపం ఉంది. కండరాలు బిగుసుకుపోయి ఒళ్ళు విల్లులా వెనక్కి వంగిపోతుంది. పుట్టిన బిడ్డకి వస్తే మొదటి రెండు రోజులు పాలు బాగానే తాగుతుంది. ఆ తర్వాత ఒక రోజు నోరు తెరవలేదు, చీకలేదు. చిన్న చప్పుడుకే ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. మట్టిలోనూ పశువుల పేడలోనూ ఏళ్ళ తరబడి బతికే సూక్ష్మక్రిమి, బొడ్డు కోసిన కొడవలి ద్వారానో, బొడ్డు మీద పెట్టిన బూడిద ద్వారానో లోపలికి పోతుంది. మా మామ్మ తన నాలుగో బిడ్డ గురించి ఎప్పుడు అడిగినా "ఏడో రోజుకి పోయినాడు" అని ఊరుకునేది. ఏ జబ్బుతో అన్నది ఆమెకి ఎవరూ చెప్పలేదు.

తల్లికి రెండు డోసులు వేస్తే ఆమె రక్తంలో ఆ క్రిమి వదిలే విషాన్ని అడ్డుకునే పదార్థాలు తయారవుతాయి. గర్భంలోని మాయ వాటిని తల్లి నుంచి బిడ్డకి చేరవేస్తుంది. నెలలు నిండేకొద్దీ ఈ చేరవేత జోరందుకుంటుంది. అందుకే గర్భం అని తెలియగానే మొదటి డోసు, నాలుగు వారాల తర్వాత రెండోది, వీలైతే 36 వారాల లోపు. గత మూడేళ్ళలో ఒక కాన్పుకి రెండు డోసులూ వేసుకుని ఉంటే ఈసారి ఒక్క బూస్టర్ చాలు. 36 వారాలు దాటినా వెయ్యాల్సిందే. అంతకుముందు అసలు వేసుకోని మనిషైతే నొప్పులతో వచ్చినప్పుడైనా వేస్తారు. ఈ సూదులు, ఆసుపత్రి కాన్పులు, శుభ్రమైన బ్లేడు కలిసి చేసిన పని ఎంతదంటే, తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని భారతదేశం నిర్మూలించిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇక్కడ నిర్మూలన అంటే ప్రతి జిల్లాలోనూ వెయ్యి జననాలకి ఒక్క కేసు కంటే తక్కువ ఉండటం. మట్టిలో క్రిమి అలాగే ఉంది. సూది ఆపితే తిరిగి వస్తుంది.

ఇప్పుడు చాలామందికి తెలియని విషయం ఒకటి. కొన్నేళ్ళ కిందటే ప్రభుత్వం టీటీ తీసేసి టీడీ పెట్టింది. ధనుర్వాతంతో పాటు కంఠసర్పికి (డిఫ్తీరియాకి) కూడా రక్షణ కలిపిన టీకా అది. అంటే సూదిలో మందు మారింది. ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. కార్డు మీద టీడీ అని రాసినా అందరి నోటా ఇప్పటికీ టీటీయే. అమ్మ వేసుకుంది, అక్క వేసుకుంది, తనకీ వేస్తారు. అక్కడ నిర్ణయం అన్నదే లేదు, ఆనవాయితీ ఉంది. దీన్ని మంచి సంగతిగా చూసేవాళ్ళు ఎక్కువ. నాకు మాత్రం ఇందులో కొంత దిగులు కనిపిస్తుంది. ఏమి వేస్తున్నారో ఎవరూ చెప్పని చోట, అడిగే అలవాటు లేని చోట, కొత్త సూది వచ్చిన రోజున నమ్మడానికి ఆధారం ఏముంటుంది?

కొవిడ్ టీకా సరిగ్గా ఆ ఖాళీలోకే వచ్చింది. దేశంలో టీకాలు మొదలైంది 2021 జనవరి 16న. అప్పుడు గర్భిణులకి వెయ్యకూడదన్నారు. కారణం, టీకా పరీక్షల్లో గర్భిణులని చేర్చుకోలేదు. గర్భిణులని మందుల పరీక్షలకి దూరంగా ఉంచే ఈ అలవాటు వెనక పెద్ద గాయం ఉంది. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ అనే మాత్రని గర్భిణులు వేవిళ్ళకి వేసుకున్నారు. 1961లో దాన్ని వెనక్కి తీసుకునే నాటికి ఎన్నో దేశాల్లో కాళ్ళూ చేతులూ సరిగ్గా ఎదగని పిల్లలు వేలల్లో పుట్టారు. ఆ తర్వాత జాగ్రత్త పేరుతో గర్భిణులని పరీక్షలకి దూరం పెట్టారు. దాని ఫలితం ఏమిటంటే, కొత్త మందు ఏది వచ్చినా "కడుపుతో ఉన్నవాళ్ళ మాటేమిటి?" అన్న ప్రశ్నకి మొదట్లో ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో కెరటం వచ్చింది. గర్భిణులకి కొవిడ్ సోకితే ఐసీయూ దాకా వెళ్ళే ముప్పు ఎక్కువని, నెలలు నిండకుండానే కాన్పు అయ్యే ప్రమాదం పెరుగుతోందని వైద్యులు కళ్ళారా చూశారు. అమెరికాలో టీకా వేసుకున్న 35 వేల మందికి పైగా గర్భిణుల వివరాలు ఆ ఏప్రిల్‌లోనే బయటికొచ్చాయి, వాటిలో ఆందోళన పడాల్సిన సంకేతం కనపడలేదు. అక్కడ వేసిన టీకాలు మన కోవిషీల్డ్, కోవాక్సిన్ కావన్నది కూడా నిజమే. అయితే మన రెండింటిలోనూ ఒంట్లో పెరిగి జబ్బు తెచ్చే సజీవ వైరస్ లేదు. ఈ లెక్కలన్నీ చూసుకుని జూలై 2న కేంద్రం గర్భిణులకి అనుమతి ఇచ్చింది.

ఇదంతా ఢిల్లీలో జరిగిన ఆలోచన. నరసన్నపేట గడపలో కనిపించింది వేరు. అంతకు ముందు "కడుపుతో ఉన్నావా? అయితే నీకొద్దు" అని పంపేసిన నర్సమ్మే జూలై దాటాక వచ్చి "రామ్మా" అంటోంది. మధ్యలో ఏమి మారిందో ఆ అత్తగారికి చెప్పినవాళ్ళు లేరు. నర్సమ్మకి మాత్రం ఎవరు చెప్పారు? ఆమెకి వచ్చింది ఒక ఆదేశం, ఒక లక్ష్యం. "అప్పుడొద్దన్నారు, ఇప్పుడెయ్యమంటన్నారు, ఏటి నిజం?" అని ఆ అత్తగారు నా దగ్గర తర్వాత అడిగింది. ఆ ప్రశ్నలో నాకు మూఢనమ్మకం కనపడలేదు. చదువుకున్న మనిషైనా అడగాల్సిన ప్రశ్నే అది.

ఇక భయం లోపల ఏముందో చూద్దాం. బిడ్డకి ఏదైనా జరిగితే, చేసినదాని వల్ల జరిగిందా, చెయ్యనిదాని వల్ల జరిగిందా అన్నదాన్ని బట్టి ఇంట్లో నింద బరువు మారిపోతుంది. టీకా వేయించకపోతే జబ్బు చేసిందనుకోండి, "రాత" అంటారు. వేయించాక ఏమైనా అయితే "నువ్వే కదా తీసుకెళ్ళినావు" అంటారు. రెండు నష్టాలూ సమానమైనా మనసుకి సమానం కావు. ఊరంతటా ఉన్న జబ్బు ముప్పు ఎవరి తలమీదా పడదు, సూదికి చేతులారా తీసుకెళ్ళిన అత్తగారు మాత్రం జవాబుదారీ అయిపోతుంది. ఒకసారి గర్భం పోయిన ఇంట్లో, చాలా ఏళ్ళకి కడుపు పండిన ఇంట్లో ఈ బరువు రెట్టింపు. ఆ ఇళ్ళలో "ఏదీ చెయ్యకుండా ఉండటమే క్షేమం" అనిపిస్తుంది. ఏదీ చెయ్యకపోవడం కూడా ఒక నిర్ణయమేనని అనిపించదు.

మాట తీరు కూడా ఇందులో పాలు పంచుకుంటుంది. "సూది ఏసినాక పోయినాది" అంటారు. ఆ "నాక"లో "తర్వాత" ఉంది, "వల్ల" కూడా దాక్కుని ఉంది. వినేవాళ్ళకి రెండూ ఒకటే. దీన్ని విడదియ్యాలంటే చిన్న లెక్క చెయ్యాలి. గర్భం నిర్ధారణ అయిన ప్రతి వందమందిలో సుమారు పది నుంచి పదిహేను మందికి గర్భస్రావం జరుగుతుంది. ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే, ఎక్కువసార్లు పిండం కణాల్లో మొదటి రోజు నుంచే ఉన్న లోపం వల్ల. ఇప్పుడు రెండో నెలలో ఉన్న రెండు వందల మందిని ఊహించుకోండి. వీళ్ళకి ఏ టీకా వెయ్యకపోయినా రాబోయే వారాల్లో ఇరవై నుంచి ముప్పై ఇళ్ళలో ఆ దుఃఖం తప్పదు. ఆ రెండు వందల మందికీ ఒకే వారంలో టీకా వేశామనుకోండి. ఆ ఇళ్ళన్నీ, ఒక్కటి కూడా మిగలకుండా, "సూది వేసినాక" అనే చెబుతాయి. అబద్ధం ఆడుతున్నట్టు కాదు, వాళ్ళకి కనిపించింది అదే. తేల్చాల్సింది వేరే చోట: వేయించుకోని వాళ్ళలో ఎంతమందికి అలా జరిగింది? కొవిడ్ టీకాల విషయంలో ఆ పోలిక చాలా దేశాల్లో చేశారు, టీకా వేసుకున్న వాళ్ళలో గర్భస్రావాలు పెరిగినట్టు తేలలేదు. కాకపోతే బిడ్డని పోగొట్టుకున్న తల్లికి ఈ లెక్క ఆ రోజున చెప్పడం క్రూరత్వం. చెప్పాల్సింది సూదికి ముందు.

"కడుపుతో ఉంటే సూదులు పడవు" అన్న మాటని కూడా ఒక్క వేటుతో కొట్టెయ్యలేం. అందులో కొంత నిజం ఉంది. తట్టు, గవదబిళ్ళల టీకా, ఆటలమ్మ టీకా లాంటివి గర్భిణులకి వెయ్యరు. వాటిలో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది కాబట్టి. అవి పెళ్ళికి ముందో, కాన్పు అయ్యాకో వేసుకోవాలి, వేసుకున్నాక కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. ఏది ఎందుకు పడదో, ఏది ఎందుకు పడుతుందో విడమరిచి చెబితే ఆ అత్తగారి జాగ్రత్తే మనకి తోడవుతుంది. "అంతా అపోహ" అని కొట్టిపారేస్తే ఆమె ఇక మాట్లాడదు.

మరి నిర్ణయాన్ని అటో ఇటో తిప్పేది ఏది? చాలా దేశాల అధ్యయనాల్లో ముందుగా కనిపించే జవాబు ఒకటే. కాన్పు చూసే డాక్టరో నర్సో ముఖాముఖి "వేయించుకో" అని గట్టిగా చెప్పడం. పోస్టర్లు, ప్రకటనలు దాని తర్వాతే. మా చెల్లెలు గర్భంతో ఉన్నప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెంట వెళ్ళాను. టోకెన్ పట్టుకుని రెండు గంటలు, లోపల నాలుగు నిమిషాలు. ఫ్లూ టీకా గురించి నేనే అడిగితే డాక్టరు చీటీ రాస్తూనే "మీ ఇష్టం" అన్నారు. తెలుగులో డాక్టరు నోట "మీ ఇష్టం" అంటే అర్థం స్వేచ్ఛ ఇచ్చారని కాదు. "నేను పూచీ పడను" అని. మా చెల్లెలు అలాగే విన్నది, మేము బయటికి వచ్చేశాం. అసలు ఆ మాటే ఎత్తని చోట్ల "అంత ముఖ్యమైతే డాక్టరుగారే చెప్పేవారు కదా" అనుకుంటారు. స్కాన్ రాసిన చేత్తో, టానిక్ రాసిన చేత్తో రాయనిదేదైనా అక్కర్లేనిదే అన్నమాట.

ఆ టీకాలు అక్కర్లేనివేమీ కావు. ఫ్లూ టీకా గర్భిణులకి వెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దాన్ని ఆరు నెలల లోపు పసిపిల్లలకి వెయ్యరు, అంటే అన్నాళ్ళూ బిడ్డకి తల్లి రక్తమే దిక్కు. కోరింత దగ్గు సంగతీ అంతే. బిడ్డకి సొంతంగా మొదటి డోసు పడేది ఆరో వారంలో. ఆ ఆరు వారాల్లో కోరింత దగ్గు పట్టుకుంటే పసిబిడ్డకి ఊపిరి అందదు. తల్లికి 27 నుంచి 36 వారాల మధ్య, కోరింత దగ్గుకి కూడా రక్షణ కలిపిన టీడ్యాప్ టీకా వేస్తే ఆ ఖాళీ పూడుతుంది. మన గైనకాలజిస్టుల సమాఖ్య ఫాగ్సీ కూడా ఈ రెంటినీ సిఫారసు చేస్తుంది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది మాత్రం టీడీ ఒక్కటే. ఇవి కొనుక్కోవాలి, ఒక్కో డోసు వెయ్యి రూపాయలు దాటుతుంది. పలాసలో జీడిపప్పు వలిచే ఆడమనిషికి అది ఎన్నో రోజుల కూలి. ఆమె వేయించుకోకపోతే దానికి అపనమ్మకం అని పేరు పెట్టడం అన్యాయం.

పేరు తప్పుగా పెట్టే సందర్భాలు ఇంకా ఉన్నాయి. మా వైపు మూడో నెల దాటే దాకా గర్భం సంగతి బయటికి చెప్పరు, దిష్టి తగులుతుందని. పన్నెండు వారాల లోపు పేరు నమోదు కావాలన్న నియమం అక్కడే తడబడుతుంది. ఏడో నెలలో కన్నవారింటికి పంపిస్తారు. మొదటి డోసు అత్తవారి ఊళ్ళో పడితే, రెండోది పడాల్సిన రోజున ఆ అమ్మాయి ఇంకో మండలంలో ఉంటుంది. ఇచ్ఛాపురం వైపైతే ఇంకో రాష్ట్రంలోనే ఉండొచ్చు. సరిహద్దు దాటి సంబంధాలు కలుపుకునే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఒడియాలో ముద్రించిన కార్డుని మన నర్సమ్మ తిప్పి తిప్పి చూడాలి. మత్స్యకార గ్రామాల్లో మగవాళ్ళు వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి నెలల తరబడి రారు. ఇంట్లో పెద్ద మాట ఫోన్లో రావాలి, పడవ సముద్రంలో ఉంటే ఫోనూ అందదు. బుధవారం టీకాల రోజు దాటిపోతుంది. ఇవేవీ టీకా వద్దన్న మాటలు కావు, క్యాలెండరుకీ బతుకుకీ కుదరకపోవడం. లెక్కల్లో అవీ, "వద్దు" అన్నవీ ఒకే గడిలో పడిపోతాయి.

కొండ మీదికి వెళితే ఇంకో అడ్డు ఉంది. సీతంపేట చుట్టుపక్కల సవర గిరిజనుల గూడేల్లో (2022 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లా) పెద్దవాళ్ళకి తెలుగు అంతంతమాత్రం. వందేళ్ళ కిందట గిడుగు రామమూర్తి సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. టీకా గురించి చెప్పేటప్పుడు మాత్రం మనం ఇంకా మైదానపు తెలుగులో, అదీ కరపత్రాల తెలుగులో చెబుతున్నాం. తన భాషలో ప్రశ్న అడగలేని తల్లి తల ఊపితే, ఆ ఊపుకి ఒప్పుకోలు అని ఎలా అర్థం చెప్పగలం?

ఒప్పుకోలు మాట వచ్చింది కాబట్టి తెలుగువాళ్ళం మరచిపోకూడని ఒక సంగతి. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. తర్వాత కొందరు చనిపోయారు. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది ఇంకొకటి: ఎంతోమంది పిల్లల తరఫున అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకి బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. టీకా మంచిదే. దాన్ని వేసిన తీరు చెడ్డది. ఊళ్ళలో జ్ఞాపకం ఉండేది తీరే. అంతకు ముందు ఎమర్జెన్సీ నాటి బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఉన్నాయి. "ఈ సూదితో ఇక పిల్లలు పుట్టరట" అన్న వాట్సాప్ పుకారు ఎక్కడో పుట్టి ఇక్కడ ఎందుకు నాటుకుంటుందంటే, కింద నేల అప్పటికే దున్ని ఉంది కాబట్టి.

ఆ పక్కింటి కోడలి సంగతి చెప్పలేదు. ఆమె కొవిడ్ టీకా వేయించుకుంది, ఏడో నెలలో, కన్నవారింట్లో. ఆమె పెదనాన్న కూతురికి అప్పటికి ఎనిమిదో నెల, ఆ అక్క అంతకు ముందే వేయించుకుని ఉంది. "ఒక రోజు జొరం వొచ్చినాది, మాత్ర ఏసుకున్నాను, తగ్గిపోయినాది" అని ఆ అక్క అన్న ఒక్క మాట నర్సమ్మ మూడుసార్లు తిరిగినా చెయ్యలేని పని చేసింది. అక్క చెప్పిన దాంట్లో టీకా గొప్పతనం లేదు. ఏమవుతుందో, ఎంతసేపు ఉంటుందో, ఏం చెయ్యాలో ఉంది. ఈ మూడూ నర్సమ్మకి తెలియనివి కావు. ఎవరూ ఆమెకి ఆ పది నిమిషాలు ఇవ్వలేదు, అంతే.

పోయిన ఏడాది గజపతినగరం వైపు ఒక పల్లెలో బుధవారం నాడు కూర్చుని చూశాను. తొలిచూలు అమ్మాయి, తోడు వాళ్ళమ్మ. సూదికి ముందు నర్సమ్మ సీసా తీసి వాళ్ళ కళ్ళ ముందు పెట్టింది. సీసా మీద చిన్న గుండ్రం, దాని మధ్యలో లేత రంగు చతురస్రం. "ఈ నడిమి గడి సుట్టూ ఉన్న రంగు కంటే తెల్లగా ఉంది సూడమ్మా. మందు ఎండకి పాడైతే ఇది నల్లబడిపోద్ది. నల్లగా ఉంటే నేనే ఎయ్యను" అంది. తల్లీకూతుళ్ళిద్దరూ వంగి చూశారు. తల్లి అడిగింది: "గెడ్డ కడతాదా?" "కడితే రెండు రోజులుంటాది. రుద్దొద్దు. తడిగుడ్డ ఎయ్యండి. జొరం వొస్తే నాకు ఫోన్ సెయ్యండి."

సూది అయ్యాక అరగంట కూర్చోబెట్టింది. ఆ అరగంటలోనే అడిగింది, రెండో డోసు నాటికి ఎక్కడ ఉంటావని. బొబ్బిలి దగ్గర అమ్మమ్మగారింట్లో అని చెప్పింది ఆ అమ్మాయి. నర్సమ్మ కార్డు తిప్పి, వెనక ఖాళీలో ఆ ఊరి నర్సు పేరూ ఫోన్ నంబరూ రాసి, తేదీ కింద రెండు గీతలు గీసి ఇచ్చింది.